సిలికాన్ వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్: దాతలకు సౌకర్యమే, మరి ఊరికి?

కాలిఫోర్నియాలో స్థిరపడిన మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, విలువ పెరిగిన కంపెనీ షేర్లలో కొన్నింటిని దానానికి కేటాయించదలచినప్పుడు పరిశీలించే సంస్థల్లో ఇదొకటి. దాత పేరిట నిధి నిర్వహించడమనే సేవ వరకే చూస్తే దీనికి వంక పెట్టలేం. ఏడాదికి పైగా అట్టిపెట్టుకున్న షేర్లను అమ్మకుండా నేరుగా బదిలీ చేస్తే మూలధన లాభాల పన్ను పడదు. చట్టపరమైన పరిమితులకు లోబడి, మార్కెట్ విలువ మేరకు పన్ను మినహాయింపు ఆ ఏడాదికే దక్కుతుంది. సొమ్ము ఎవరికి చేరాలో ఆ తర్వాత తీరిగ్గా సూచించవచ్చు.

ఆ తీరికే నా అభ్యంతరం. ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా తమ ఆస్తుల్లో సుమారు 5 శాతం పంచాలని అమెరికా చట్టం చెబుతుండగా, ఈ తరహా నిధులకు అలాంటి నిర్బంధమేదీ లేదు. మినహాయింపు ఈ ఏడాది, దానం ఎప్పుడో!

రెండు స్థానిక ఫౌండేషన్ల విలీనంతో 2007లో పని మొదలుపెట్టిన ఈ సంస్థకు, అంతకుముందు మినియాపొలిస్ ఫౌండేషన్‌ను నడిపిన ఎమ్మెట్ కార్సన్ తొలి సీఈఓ. అప్పట్లో సుమారు 170 కోట్ల డాలర్లున్న ఆస్తులు ఆయన హయాంలో 1,300 కోట్లు దాటాయి. జకర్‌బర్గ్ దంపతులు 2012లోనూ, 2013లోనూ 1.8 కోట్ల చొప్పున ఫేస్‌బుక్ షేర్లిచ్చారు. రెండో విడత విలువే వంద కోట్ల డాలర్లకు చేరువ. అయితే ఆ సొమ్ములో అధికభాగం దాతల సూచనను బట్టి కదిలేదే తప్ప, అద్దె భారంతో సతమతమయ్యే స్థానిక కుటుంబాల కోసం సంస్థ స్వయంగా ఖర్చు పెట్టగలిగేది కాదు. ఆస్తుల పెరుగుదలనే విజయంగా లెక్కగట్టడం నాకు సమ్మతం కాదు. ఒక ఉన్నతాధికారి ప్రవర్తనపై ఆరోపణలు పత్రికలకెక్కి, స్వతంత్ర విచారణ జరిగాక, 2018లో కార్సన్ తప్పుకోగా, అదే ఏడాది చివర్లో నికోల్ టేలర్ బాధ్యతలు చేపట్టారు.

సొంతూరి బడికి సాయం చేయాలనుకునేవారు ఒక విషయం ముందే గమనించాలి. విదేశీ నిధులు అందుకోవాలంటే అక్కడి ట్రస్టుకు భారత విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి తప్పనిసరి; 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము మొదట స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి, అనుమతి ఉన్న మరో సంస్థకైనా దాన్ని మళ్లించకూడదు. కనుక షేర్లు బదిలీ చేయడానికి ముందే ఊళ్లో ట్రస్టు నడిపేవారిని ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ పత్రం పంపమనండి.