మావెన్‌లో ఆ చిన్న ఫోల్డర్: ఆరేళ్లు వాడాక

మావెన్ అంటే జావా కోడ్‌ను బిల్డ్ చేసి, అంటే నడిచే ప్రోగ్రాముగా తయారుచేసి ఇచ్చే టూల్. ప్రాజెక్టు రూట్‌లో, అంటే అన్నిటికంటే పై ఫోల్డర్‌లో, డాట్ ఎంవీఎన్ ఫోల్డర్, అందులో మావెన్ డాట్ కాన్ఫిగ్ అనే ఫైలు. రోజూ టెర్మినల్‌లో కొట్టే ఆప్షన్లు అందులో రాసి పెడితే ఆ ప్రాజెక్టు వరకు అవే నడుస్తాయి. 2015లో 3.3.1 వెర్షన్‌తో వచ్చింది. మావెన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

నేనూ మా తమ్ముడూ మిర్యాలగూడలో రైస్ మిల్లులకు కాంటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఒక్కో మిల్లుకు ఒక్కో ప్రాజెక్టు, ఒక్కో ప్రొఫైల్ (బిల్డ్‌కు పేరు పెట్టి దాచుకునే సెట్టింగుల కట్ట). ఇంతకుముందు ఏ మిల్లుకు ఏ కమాండో నోట్‌బుక్‌లో చూసుకుని కొట్టేవాళ్లం. ఇప్పుడు ఆ కమాండ్ ఆప్షన్లున్న కాన్ఫిగ్ ఫైలు, కోడ్‌తో పాటు గిట్‌లోనే (కోడ్ మార్పులు దాచే చోట) ఉంటుంది. లోపలి మాడ్యూల్ ఫోల్డర్ నుంచి బిల్డ్ చేసినా మావెన్ పైకి వెతుక్కుంటూ వెళ్లి దాన్ని పట్టుకుంటుంది. ఒకసారి రాస్తే మళ్లీ ఆ ఊసే ఎత్తక్కర్లేదని అందరికీ చెప్పేవాణ్ణి.

పోయిన వానాకాలం వడ్లు దిగుతున్నప్పుడు కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. అందులో మావెన్ 3.9 వేశాను. బిల్డ్ సక్సెస్ అని వచ్చింది, జార్ ఫైలు (తయారైన ప్రోగ్రాము) మిల్లుకు పంపించాను. పొద్దున ఏడింటికి మిల్లు గుమాస్తా ఫోన్ చేశాడు: "సార్, కాంటా చీటీల బరువు మంచిగనే వస్తుంది గానీ, రైతుల పేర్లు మనోళ్లవి కావు. గేటు బయట లారీలు ఆగినయ్." ఆ జార్ ట్రయల్ డేటాబేస్‌తో మాట్లాడుతోంది. గుమాస్తా మధ్యాహ్నం దాకా చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. అప్పటిదాకా నాకు ఒకటే టెన్షన్.

కారణం ఒక స్పేస్. నా ఫైల్లో ప్రొఫైల్ ఆప్షన్, దాని పక్కనే థ్రెడ్ల ఆప్షన్ (ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పేది) ఒకే లైన్లో ఉన్నాయి. పాత వెర్షన్ స్పేస్ దగ్గర విడదీసి రెండుగా చదివేది. 3.9.0 నుంచి ఒక్కో లైను మొత్తం ఒకే ఆర్గ్యుమెంటు, అంటే కమాండ్‌కు ఇచ్చే ఒకే ముక్క. దాంతో ఆ లైను మొత్తం ఒక ప్రొఫైల్ పేరైపోయింది. అలాంటి ప్రొఫైల్ లేదని మావెన్ ఒక వార్నింగ్ ఇచ్చి, డిఫాల్ట్‌గా పెట్టుకున్న ట్రయల్ ప్రొఫైల్‌తో బిల్డ్ ముగించింది. ఈ మార్పు రిలీజ్ నోట్స్‌లో ఉంది, నేను చదవలేదు. అయినా అక్కడ ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాల్సిందని నా బాధ. పక్కనే ఉండే జేవీఎం డాట్ కాన్ఫిగ్‌లో (జావాకు ఇచ్చే ఆప్షన్ల ఫైలు) మాత్రం ఒకే లైన్లో ఎన్ని రాసినా నడుస్తుంది!

ఇప్పుడు లైనుకు ఒకటే రాస్తున్నాను. ప్రాజెక్టుకు ఏ మావెన్ వెర్షన్ వాడాలో నిర్ణయించే మావెన్ ర్యాపర్‌తో వెర్షన్ కూడా అదే ఫోల్డర్‌లో కట్టేశాను. నెట్ పోయినప్పుడు పనికొస్తుందని ఆఫ్‌లైన్ ఆప్షన్ కూడా ఒకప్పుడు ఆ ఫైల్లో పెట్టాను. అది తప్పే. కమాండ్ లైన్ నుంచి దాన్ని రద్దు చేసే ఆప్షన్ మావెన్ 3లో లేదు, కొత్త లైబ్రరీ కావాలంటే ప్రతిసారీ ఫైలు తెరిచి ఆ లైను తీసేయాలి. తీసేశాను.

మాలాగా ఇద్దరు ముగ్గురు పనిచేసే చోట, ప్రాజెక్టుకో సెట్టింగు ఉంటే, పెట్టుకోమనే చెబుతాను. పెద్ద టీముల్లో ఎలా ఉంటుందో నేను పని చేసి చూడలేదు. మా తమ్ముడైతే ప్రొఫైల్ ఒక్కటి మాత్రం ఇప్పటికీ చేత్తోనే కొడుతున్నాడు, నేనూ వద్దనడం లేదు.