కడపలో టేకు ఫ్లోరింగ్ వేయించాం: ఐదు మార్కులకు మేస్త్రీకి నాలుగున్నర, షాపుకు రెండే

బండల ఊళ్ళో ఉంటూ కర్ర నేల ఏందబ్బా అని మా బంధువులంతా అడిగారు. వాళ్ళ తప్పేం లేదు, ఇక్కడ వంటగట్టు నుంచి మిద్దె మెట్ల దాకా అంతా కడప బండే. అయినా పైగదికి టేకు పలకలే కావాలని ఇంట్లో పట్టుబట్టారు, సరే అన్నాం.

షాపుల్లో ఉడెన్ ఫ్లోరింగ్ అని చూపించేవాటిలో చాలావరకు లామినేటే, అంటే నొక్కిన పొట్టు చెక్క మీద కర్ర బొమ్మ అతికించింది. దాని మీద లోతుగా గీత పడితే పలక మార్చుకోవాల్సిందే. మేం తీసుకున్నది ముప్పావు అంగుళం మందం టేకు, పాతబడితే పైపైన గీకించి మళ్ళీ పాలిష్ పెట్టించుకోవచ్చు. ఖర్చు మాత్రం గ్రానైట్‌కి మూడింతలు దాటింది, ముందే చెప్తున్నా.

షాపు పేరు రాయను, వాళ్ళతో ఇంకా పని మిగిలుంది. సరుకు బాగుంది, కొటేషన్‌లో దొంగ లెక్కల్లేవు. కానీ తొందర, అబ్బో! పలకలు పొద్దున దిగితే మధ్యాహ్నానికే వేసేయమన్నారు. మేస్త్రీ మాత్రం "సార్, కట్టలు విప్పి కొన్ని దినాలు గదిలో పెడదాం, ఈడి గాలికి అలవాటు పడనీండి" అన్నాడు. షాపాయనేమో ఫోన్‌లో "మాది కిల్న్‌లో ఆరబెట్టిన సరుకు, ఏం కాదు" అని కొట్టిపారేశాడు. కిల్న్ అంటే చెక్కను వేడితో ఆరబెట్టే గది. ఎంత ఆరబెట్టినా చెక్క గాలిలో చెమ్మను పీలుస్తుంది, ఎండకు వదులుతుంది. అది మే నెల, బయట నలభై దాటిన ఎండ. వేసిన కొద్ది రోజులకే పలకల మధ్య పోస్టుకార్డు దూరేంత సందులు వచ్చాయి.

మేస్త్రీ పని మాత్రం చూడాల్సిందే. పాత బండలు ఎగుడుదిగుడుగా ఉంటే, రసమట్టం పెట్టి చూసుకుంటూ లొత్తలున్న చోటల్లా రీపర్ల (పలకల కింద పరిచే కర్ర పట్టీల) కింద చెక్కముక్కలు దోపి ఒక మట్టానికి తెచ్చాడు. పలకకు ఒక అంచున గాడి, రెండో అంచున నాలుక ఉంటాయి కదా, మేకును ఆ నాలుక మీద ఏటవాలుగా కొట్టి, పంచ్ పెట్టి తల లోపలికి దించి, తర్వాతి పలక గాడిని దాని మీదకు తోశాడు. గదంతా వెతికినా ఒక్క మేకు తల కనబడదు. నేల ఎత్తు పెరిగింది కాబట్టి తలుపుల అడుగు కోయాలని కూడా అతనే చెప్పాడు, షాపు వాళ్ళ నోట ఆ మాటే రాలేదు.

అసలు టెన్షన్ అక్టోబరు వానలకు మొదలైంది. బాల్కనీ గోడ పక్కన నేల ఉబ్బింది, కాలు పెడితే లోపల బోలుగా అనిపిస్తుంది. ఇంకోచోట కిర్రు కిర్రు. ఫోన్ చేస్తే "చెక్క అన్నాక అంతే సార్" అన్నారు. అంతే ఎలా అవుతుంది? చెక్క పొడవులో పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అందుకే గోడ చుట్టూ 10-12 మిల్లీమీటర్ల సందు వదిలి స్కర్టింగ్‌తో, అంటే గోడ అడుగున కొట్టే పట్టీతో కప్పేస్తారు. మాకు మూడు వైపులా వదిలారు. బాల్కనీ వైపు ఆఖరి పలకను సన్నగా కోయాలంటే టైం పడుతుంది, మనుషుల్ని వేరే సైటుకు పంపాలని షాపు నుంచి ఒకటే ఫోన్లు, దాంతో గోడకు ఆనించి బిగించేశారు.

ఎన్నో ఫోన్ల తర్వాత మళ్ళీ అదే మేస్త్రీని పంపారు, విజిటింగ్ చార్జి కూడా మా దగ్గరే తీసుకున్నారు, అదే ఒళ్ళు మండింది. అతను స్కర్టింగ్ ఊడదీసి, గోడ వెంబడి వేలు పట్టేంత సందు కోసి వదిలేశాడు. ఉబ్బు ఆ రోజే పోలేదు, మెల్లగా దానంతటదే దిగింది. కిర్రు కోసం చెప్పులు విడిచి గదంతా అడుగులో అడుగేసి తిరిగి, ఒకచోట ఆగి "ఈడ రీపర్ కింద ముక్క జారింది" అన్నాడు. పైనుంచే రీపర్లోకి మరమేకు దింపి, తల మీద టేకు బిళ్ళను గీతలు కలిసేలా తిప్పి అతికించి గీకేశాడు. ఎక్కడ వేశాడో ఇప్పుడు నేనే వెతుక్కోవాలి.

వేయించుకునేవాళ్ళు రీపర్లు ఏ కర్రో కూడా అడగండి. పైన టేకు వేసి కింద నాసి కర్ర పెడితే చెదలు అక్కడ మొదలవుతాయి, మందు కొట్టించకుండా మూయనివ్వొద్దు. ఎండాకాలం నీళ్ళ కూలర్ ఆ గదిలో పెట్టకపోవడమే మంచిది, తడి గాలి అంతా పలకలకే. తడిగుడ్డ బాగా పిండి తుడిస్తే చాలు, బకెట్‌తో నీళ్ళు పోసి కడిగే అలవాటు మానాలి, మా పనామెకు ఇది చెప్పడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

ఊడదీసిన వైపు కొత్త స్కర్టింగ్ బిగించారు, పాలిష్ రంగు కలవలేదు, పగటి వెలుతురులో కొట్టొచ్చినట్టు కనబడుతోంది. వచ్చే సోమవారం అంటున్నారు, ఏ సోమవారమో మాత్రం చెప్పరు. బ్యాలెన్స్ అందుకే ఆపాను.