ఏడు రోడ్ల జంక్షన్‌కు సిగ్నలా, రౌండ్‌అబౌటా?

శ్రీకాకుళంలోని ఏడు రోడ్ల జంక్షన్ వంటి చోట సిగ్నల్ పెట్టాలంటే మొదట అడ్డొచ్చేది కాలం లెక్క: ఒక్కో దారికి విడిగా 20 సెకన్ల పచ్చదీపం ఇచ్చినా ఏడింటికి 140 సెకన్లు పడుతుంది, పసుపు దీపాల సమయం దానికి అదనం. అంతసేపు ఆగే ఓపిక మన ద్విచక్ర వాహనదారులకు ఉందని నేను అనుకోను.

కూడలి మధ్యలో వృత్తాకార దిమ్మె ఉండే రౌండ్‌అబౌట్‌లో అందరూ దాని చుట్టూ సవ్యదిశలో తిరగడం వల్ల ఎదురెదురుగా ఢీకొనే అవకాశం తగ్గుతుంది. మలుపు వేగాన్ని కూడా అదుపు చేస్తుంది. నాలుగు దారుల మామూలు కూడలిలో వాహనాల మార్గాలు కలిసే, విడిపోయే, ఖండించుకునే బిందువులు 32 కాగా, ఒకే వరుస రౌండ్‌అబౌట్‌లో అవి 8 మాత్రమే. అయితే అప్పటికే లోపల తిరుగుతున్న బండికి దారివ్వాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నా, ఆచరణలో హారన్ గట్టిగా మోగించినవారిదే ముందడుగు. ఆటోలు వృత్తం అంచునే ప్రయాణికులను ఎక్కించుకుంటే రాకపోకలన్నీ అక్కడే స్తంభిస్తాయి.

రోడ్డు దాటే వృద్ధులకు, బడిపిల్లలకు మాత్రం సిగ్నలే మేలు. రథసప్తమికి అరసవల్లి గుడికి వెళ్లే జనం పోటెత్తినప్పుడు ఎలాగూ పోలీసుల చేతిసైగలే దిక్కు. మిగతా రోజులకు నేను రౌండ్‌అబౌట్‌నే ఎంచుకుంటాను, కానీ జీబ్రా చారలను వృత్తానికి కాస్త వెనుకగా గీసి, ఆటో స్టాండును దూరంగా జరిపిన తరువాతే.