కాఫీ పొడి ఎక్కడ కొనాలి: ఊళ్ళో వేయించే షాపా, కంపెనీ ప్యాకెట్టా, అరకు గింజలా?

విజయనగరంలో ఉంటూ ఫిల్టర్ కాఫీ తాగే ఇళ్ళకి మూడు దార్లున్నాయి. తాతల నాటి నుంచి ఒకే కుటుంబం నడుపుతూ, గింజలు వాళ్ళే వేయించి పొడి కొట్టిచ్చే షాపు ఒకటి, సూపర్ మార్కెట్లో కంపెనీ ప్యాకెట్ ఒకటి, అరకు వెళ్ళినప్పుడు తెచ్చుకునేవో ఆన్‌లైన్లో తెప్పించుకునేవో అరకు గింజలు ఒకటి. ఇన్‌స్టంట్ సంగతి ఇక్కడ ఎత్తను, అది వేరే సరుకు.

పాలు పోసుకుని తాగే ఇంటికైతే నా ఓటు షాపుకే. ఎందుకంటే కాఫీలో అన్నిటికంటే ముందు చూడాల్సింది వేయించి ఎన్నాళ్ళయింది, పొడి కొట్టి ఎన్నాళ్ళయింది అన్నది. పచ్చి గింజ నెలల తరబడి నిలవుంటుంది, వేయించాక మాత్రం లోపలున్న కార్బన్ డయాక్సైడ్ రోజూ కొంచెం కొంచెం బయటికి పోతూ వాసనని కూడా పట్టుకుపోతుంది. గింజగా ఉంచితే కొన్ని వారాలు పర్లేదు, పొడి కొట్టేస్తే గాలి అన్ని వైపులా తగిలి చాలా తొందరగా చప్పబడిపోతుంది.

గంటస్తంభం దగ్గర బజార్లో నేను వెళ్ళే షాపులో తండ్రి వేయించే మిషను దగ్గర, కొడుకు గ్రైండర్ దగ్గర, కోడలు తూకం దగ్గర ఉంటారు. పొద్దున్నే వెళ్తే వేయించడం చూడొచ్చు, వాళ్ళేమీ అనుకోరు. డ్రమ్ము తిరుగుతుంటే పచ్చి గింజ ముందు పసుపు రంగుకి వస్తుంది, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత పేలాలు వేగినట్టు చిటపటలు మొదలవుతాయి, అక్కణ్ణుంచి ఆయన కన్ను తిప్పరు. చిన్న గొట్టంలాంటి గరిటె డ్రమ్ములోకి తోసి నాలుగు గింజలు బయటికి తీసి రంగు చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు, మళ్ళీ లోపలికి. చాలనిపించగానే మొత్తం పళ్ళెంలోకి దింపేసి ఫ్యాన్ వేసి కలుపుతారు, ఆలస్యమైతే గింజ తన వేడికి తనే ఇంకా వేగిపోతుంది. అప్పుడు పొట్టు లేచి దుకాణమంతా ఎగురుతుంది. కిలో పచ్చి గింజలు వేస్తే చివరికి 800 నుంచి 850 గ్రాములే మిగుల్తాయి, నీరంతా పోతుంది కదా, ధర దగ్గర బేరమాడే వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కొడుకు గ్రైండర్ ఆన్ చేసే ముందు ఆయన అడుగుతారు.

"ఏటి బాబూ, ఫిల్టరుకా, గుడ్డలో వడకడతారా?"

"ఫిల్టరుకే బాబాయ్."

"అయితే మరీ మెత్తగా వద్దు, డికాషన్ కిందికి దిగదు. చికోరీ ఎంత?"

"ఇరవై చాలు."

ప్యాకెట్ మనల్ని ఈ రెండు ప్రశ్నలూ అడగదు. చికోరీ కాఫీ కాదు, ఒక దుంప, వేయించి పొడి చేసి కలుపుతారు, డికాషన్‌కి చిక్కదనం, నలుపు ఇస్తుంది, కెఫీన్ ఉండదు, కాఫీ కంటే చవక. కలిపి అమ్మేదాంట్లో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది మన దేశంలో రూలు, అంటే 49 దాకా చికోరీ ఉన్నా చట్టప్రకారం తప్పు లేదు. ప్యాకెట్ మీద ఆ శాతాలు రాసి ఉంటాయి, కొనేముందు అది చదవండి చాలు. షాపులో అయితే 80-20 కావాలా 70-30 కావాలా అసలు వద్దా అన్నది మనిష్టం. పీబెర్రీ (కాయలో ఒక్కటే ఉండే గుండ్రటి గింజ), ప్లాంటేషన్ ఏ (అరబికా అనే సున్నితమైన జాతిలో పెద్ద గింజ), కొంచెం రొబస్టా (ఇంకో ఘాటు జాతి) అని మనకి నచ్చిన పాళ్ళలో కలిపిస్తారు కూడా. రొబస్టా పడితే కాస్త చేదు, పట్టు, కెఫీన్ ఎక్కువ. అరకు పక్కనే ఉంది కదా అని గింజలన్నీ అక్కడివే అనుకోవద్దు, అడగండి, మా షాపులో కర్ణాటక గింజ కలుపుతామని దాచకుండానే చెప్తారు.

ప్యాకెట్‌కీ మంచి లేకపోలేదు. సీల్ విప్పేదాకా బానే ఉంటుంది, రుచి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, షాపులో ఒక్కో విడత కొంచెం తేడా వస్తుంది. ఊరెళ్ళేటప్పుడు, హాస్టల్ పిల్లలకి ప్యాకెట్టే నయం.

ఇక అరకు. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కితే సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు, నవంబర్ నుంచి జనవరి లోపు వెళ్తే ఎర్రగా పండిన కాయలు కనిపిస్తాయి, తప్పకుండా చూడాల్సిందే. అరకు అరబికాకి 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, ఆ పేరు ఊరికే రాలేదు, పాలు లేకుండా తాగితే ఆ సన్నటి పులుపు, వాసన తెలుస్తాయి. కానీ అదే గింజకి చికోరీ కలిపి చిక్కటి పాలు పోస్తే ఆ సున్నితం అంతా మునిగిపోతుంది, పెట్టిన డబ్బు దండగ. టూరిస్టుల కోసం పళ్ళేల్లో కుప్ప పోసిన పొడి కొనొద్దు, ఎప్పుడు కొట్టారో ఎవరికీ తెలీదు. గింజలే కొనండి, వేయించిన తేదీ ఉన్నవి. బ్లాక్ కాఫీ తాగే వాళ్ళకి నేను కళ్ళు మూసుకుని అరకే చెప్తాను, ఇంట్లో చిన్న హ్యాండ్ గ్రైండర్ ఉంటే చాలు, మిక్సీలో వేస్తే కొంత పిండి, కొంత రవ్వ అవుతుంది.

షాపు కాఫీ అయినా ముందే కొట్టి డబ్బాలో పోసి ఉంచింది ఇస్తే దానికీ ప్యాకెట్‌కీ తేడా లేదు, ఇంకా అధ్వాన్నం. ఎప్పుడు వేయించారో అడగాలి, మన కళ్ళ ముందే కొట్టించుకోవాలి, కరెంటు పోయిందంటే సాయంత్రం మళ్ళీ రావాలి. పొడి వేడిగా ఉండగా మూత పెట్టేస్తే చెమట పడుతుంది, ఇంటికెళ్ళాక కవరు విప్పి చల్లారనిచ్చి డబ్బాలో పోయండి. ఇద్దరుండే ఇంటికి ఒక విడతకి వంద, నూటయాభై గ్రాములు మించి వద్దు. పైడితల్లమ్మ పండక్కి ఇల్లు నిండా చుట్టాలుంటే అర కిలో కొట్టించినా భయం లేదు, సిరిమాను తిరిగేలోపే డబ్బా ఖాళీ అవుతుంది.