మా గల్లీ గిర్ని: అయిదుకు నాలుగు స్టార్లు

మా ఇంట్లో రోజుకు కిలో గోధుమపిండి అయిపోతుంది. ఎక్కువ చేసి చెప్పడం లేదు, లెక్క చెప్తాను. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, నలుగురు పిల్లలు, మరిది, యారాలు, మొత్తం పది మందిమి. కిలో పిండికి నా చేతిలో 35 చపాతీలు వస్తాయి. ఇంటర్ చదివే మా పెద్దది డైటింగ్ అన్న వారం రెండు మిగులుతాయి. చిన్నవాళ్ళిద్దరూ కవలలు, రెండో తరగతి. వాళ్ళు పళ్ళెం దగ్గర కొట్టుకున్న రోజు రెండు కింద పడతాయి. మొత్తానికి లెక్క సరిపోతుంది.

అందుకే నాకు హోటళ్ళ గురించి, సినిమాల గురించి పెద్దగా తెలియదు కానీ పిండి గిర్ని గురించి అడగండి, చెప్తాను. హైదరాబాద్ వారాసిగూడలో మా గల్లీ చివర ఉన్న గిర్నికి నాలుగేళ్ళుగా వెళ్తున్నాను. పేరు చెప్పమంటే కష్టం. బోర్డు మీద ఎప్పుడో ఏదో పేరు ఉండేదట, ఎండకు వెలిసిపోయి ఇప్పుడు "గిర్ని" అన్న రెండు అక్షరాలే మిగిలాయి. ఆయన్ని అందరం గిర్నన్న అంటాం.

ముందు ప్యాకెట్ పిండి సంగతి. కవలలు పుట్టాక రెండేళ్ళు పూర్తిగా ప్యాకెట్ల మీదే బతికాం, తప్పేమీ అనిపించలేదు. గోధుమపిండి వరకైతే ఇప్పటికీ పెద్ద తేడా లేదంటాను. గిర్నిలో పట్టిస్తే డబ్బు బోలెడు మిగులుతుందన్నది కూడా నిజం కాదు. గోధుమలు కొనాలి, చెరగాలి, మోయాలి, పట్టింపుడు కూలి కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి. చివరికి మిగిలేది ఆటో చార్జీ అంత.

తేడా అంతా జొన్నల దగ్గర వచ్చింది. మామయ్యకు షుగర్, రాత్రిపూట జొన్నరొట్టె, పచ్చిపులుసు ఉంటే చాలు. గోధుమపిండిని సాగేలా చేసే జిగురు జొన్నలో ఉండదు. మరిగే నీళ్ళు పోసి కలిపి, వేడి మీదే బాగా పిసికితేనే అది చేతికి లొంగుతుంది. అదీ పిండి తాజాగా ఉంటేనే. నిలవ పిండిని ఎంత పిసికినా అంచులు పగుళ్ళిస్తాయి, పెనం మీద వేసేలోపే రెండు ముక్కలవుతుంది. ఒకరోజు మామయ్య ఆ ముక్కలను పళ్ళెంలో కలిపి పెట్టుకుంటూ, "ఇది రొట్టెనా అమ్మా, ఇండియా మ్యాపా" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకే మనసులో పట్టింది. మర్నాడు అయిదు కిలోల జొన్నలు తెచ్చి గిర్ని వెతుక్కుంటూ బయల్దేరాను. సజ్జలైతే ఇంకా నాజూకు, వాటిలో నూనె ఎక్కువ కాబట్టి పిండి త్వరగా చేదెక్కుతుంది. వారానికి సరిపడానే పట్టించుకోవాలి.

మొదట దొరికింది ఈ గిర్ని కాదు, రెండు గల్లీల అవతల ఇంకొకటి. అక్కడ ఏడాదికి పైగా తిరిగాను. ఆ ఏడాది సంక్రాంతికి సకినాల కోసం నాలుగు కిలోల బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి, బట్ట మీద కాసేపు ఆరబెట్టి తీసుకెళ్ళాను. సకినాల పిండి తడిగా ఉండగానే పట్టించాలి, పట్టించిన రోజే చేసేయాలి, దాచిపెడితే పులుస్తుంది. అక్కడ ఆ పిల్లాడు మా ముందున్నావిడ రాగులు పట్టి, రాళ్ళు తుడవకుండానే మా బియ్యం పోశాడు. పిండిలో సన్నగా బూడిద రంగు కనిపించింది. మళ్ళీ బియ్యం నానబెట్టే టైమ్ ఎక్కడుంది? నువ్వులు, వాము కలిపి అలాగే చుట్టేశాం. వేగాక సకినాలన్నీ మట్టిరంగు. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. వీధిలో వాళ్ళకు పంచే పళ్ళాలు మాత్రం ఆ సంవత్సరం లోపలి నుంచి బయటికి రాలేదు. ఆ తర్వాత నేను ఆ గల్లీ మొహం చూడలేదు.

మా గిర్నన్న దగ్గర నాకు మొదట నచ్చింది వరస. పొద్దున బియ్యం, తర్వాత గోధుమలు, ఆ తర్వాత జొన్నలు, రాగులు, అన్నిటికన్నా చివర శనగపప్పు. ధాన్యం మారినప్పుడల్లా రాళ్ళ దగ్గర బ్రష్ పెట్టి దులుపుతాడు. మన డబ్బాలోంచి ఓ గుప్పెడు వేసి తిప్పి, ఆ పిండిని పక్కన పారబోస్తాడు. ఆ గుప్పెడు మనదే పోతుంది. ఓసారి ఇంటికొచ్చి తూకం వేశాను, పది కిలోల గోధుమలకు పిండి 9 కిలోల 850 గ్రాములు వచ్చింది. ఆ 150 గ్రాములకు నేనేమీ అనుకోను. మట్టిరంగు సకినాలు చూసినదాన్ని.

రెండోది, డబ్బా పెట్టేసి వెళ్ళిపోవచ్చు. పిల్లలు లేనివాళ్ళకు ఇది చిన్న విషయంలా ఉంటుంది. పాత గిర్నిలో మన వంతు వచ్చేదాకా అక్కడే నిలబడాలి, లేకపోతే మనది వెనక్కి జరుగుతుంది. ఇక్కడ చాక్‌పీసుతో డబ్బా మీద నంబర్ వేస్తాడు, ఆ నంబర్ మారదు. సాయంత్రం స్కూటీ మీద కాళ్ళ మధ్య పది కిలోల డబ్బా, వెనక ఇద్దరు కవలలు, అలా వస్తాను. డబ్బా దించి, కూరగాయలు కొని, ఇస్త్రీకి ఇచ్చిన యూనిఫాంలు తీసుకుని, రెండోదాన్ని ట్యూషన్ నుంచి ఎక్కించుకుని వచ్చేసరికి పిండి సిద్ధం. నాలుగు పనులు ఒక్క తిరుగుడులో అయిపోతాయి. అలా మిగిలిన నలభై నిమిషాలకు విలువ కట్టమంటే కిలోకు 8 రూపాయలు చాలా తక్కువ.

మూడోది, మొహమాటం లేదు. జొన్నల్లో మట్టిబెడ్డలు కనిపిస్తే చేటలో పోసి చూపిస్తాడు. "అక్కా, ఇట్ల పడితే రేపు మామ పంటికి తగులుతది, నన్ను అనకు మరి" అని వెనక్కి పంపిస్తాడు. రెండుసార్లు పంపించాడు. మొదటిసారి కోపం వచ్చింది, పది నిమిషాలు చెరిగితే గుప్పెడు బెడ్డలు వచ్చాయి.

మిరపకాయలు మాత్రం వేరే కథ. ఏడాదికి ఒకసారే, ఎండలు ముదిరాక. మలక్‌పేట గంజ్ నుంచి తేజ రెండు కిలోలు, వరంగల్ చపాట నాలుగు కిలోలు తెస్తారు మావారు. తేజ కారానికి, చపాట రంగుకి. చపాట చూడ్డానికి లావుగా, ఎర్రగా ఉంటుంది కానీ కారం పెద్దగా ఉండదు, పిల్లలున్న ఇంటికి అది ఎక్కువ వేసుకోవడమే మంచిది. రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి, పది మందిమీ కూర్చుని తొడిమలు తీస్తాం. తొడిమలు తీసిన చేత్తో కళ్ళు నలుపుకుని ఎవరో ఒకరు ఏడవని సంవత్సరం లేదు. పోయినసారి మరిది. గిర్నన్న దగ్గర కారానికి మిషన్ వేరు, అది వెనక గదిలో ఉంటుంది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యే నడుపుతాడు. ఆ టైమ్‌లో గల్లీ మొత్తం తుమ్ముతుంది. పసుపు కొమ్ములు ఇంట్లో దంచి ముక్కలు చేసి తీసుకెళ్ళండి, అలాగే ఇస్తే తీసుకోడు.

సంక్రాంతి ముందు వారం పొద్దున అయిదుకే తెరుస్తాడు. తడిబియ్యానికి కూడా మిషన్ వేరు. పోయిన సంక్రాంతికి మా నంబర్ 14. యారాలు వెళ్ళి ఏడింటికల్లా పిండితో ఇంట్లో ఉంది. సకినాలు తెల్లగా వచ్చాయి, పళ్ళాలన్నీ వీధిలోకి వెళ్ళాయి.

ఇక ఆ తగ్గించిన స్టార్ సంగతి. పోయిన వానాకాలంలో నా డబ్బా ఇంకెవరికో ఇచ్చాడు, వాళ్ళది నాకు ఇచ్చాడు. రెండూ ఒకే రకం స్టీలు డబ్బాలు, వానకు చాక్‌పీసు నంబర్లు చెరిగిపోయాయి. పొద్దున అయిదున్నరకు మూత తీస్తే గోధుమపిండి కాదు, ఏవేవో కలిపిన పిండి. సోయానో, శనగలో, మెంతులో, తెలియలేదు. ఆ టైమ్‌లో ఎవరిని అడగాలి? ఆరు టిఫిన్ బాక్సులకు అదే చేసి పెట్టాను. సాయంత్రం ఆరు బాక్సులూ నిండుగా తిరిగొచ్చాయి. కవలల్లో ఒకడు, "అమ్మా, చపాతీ మందులా ఉంది" అన్నాడు. గిర్నన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మిషన్ చప్పుడులో ఆయనకు వినపడదు, ఎప్పుడూ ఎత్తడు, ఇది రెండో తప్పు. స్వయంగా వెళ్తే షట్టర్ దించి ఉంది. బుధవారం సెలవట. ఆ మాట ఎక్కడా రాసి ఉండదు, పక్క కిరాణావాళ్ళను అడిగి తెలుసుకోవాలి. ఇది మూడో తప్పు.

గురువారం వెళ్ళేసరికి నా పిండి వాళ్ళు సగం వాడేశారు. గిర్నన్న వాదించలేదు. తన ఇంటి గోధుమల్లోంచి అయిదు కిలోలు పట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఆకుపచ్చ పెయింట్ తెప్పించి నా మూత మీద "కవలల అమ్మ" అని రాశాడు. నాకు ఒక పేరుంది, అది ఆయనకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఇంత చేసినా ఆ స్టార్ మాత్రం తిరిగి ఇవ్వడం లేదు. ఆరు బాక్సులు తిరిగొచ్చిన రోజు ఎలా ఉంటుందో అందరికీ తెలియదు కదా.

మరిది ఈ మధ్య ఇంట్లోకే చిన్న పిండి మిషన్ కొందామంటున్నాడు, అల్మరా అంత ఉండేది. వీడియోలు చూపించాడు. దాంట్లో తడిబియ్యం పోయకూడదు.  అయ్యాక గూట్లో పిండి అంతా ఎవరో ఒకరు తుడవాలి. ఆ ఎవరో ఒకరు ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. ఇంకో మిషన్ అంటే నాకు అయిదో సంతానం కిందే లెక్క. వద్దన్నాను.

కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఒకటే మాట. పిండి చేతికి వచ్చేసరికి వేడిగా ఉంటుంది, అలాగే మూత బిగిస్తే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది, పురుగు కూడా త్వరగా పడుతుంది. ఇంటికి రాగానే పాత చీర మీద పరిచి చల్లారనివ్వండి. గిర్ని తెరిచి ఉండేది పొద్దున పది నుంచి ఒంటిగంట, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. కరెంటు పోతే మాత్రం అంతే సంగతులు. డబ్బులు ఫోన్‌లో పంపినా తీసుకుంటాడు.

డబ్బా పెట్టేసి వెళ్ళిపోవచ్చని పైన చెప్పాను కదా. శనివారాలు మాత్రం నేను అలా వెళ్ళిపోను. ఆ రోజు పిల్లల్ని యారాలు చూస్తుంది. గిర్ని బయట గోడకు ఆనించి ఒక ప్లాస్టిక్ స్టూల్ ఉంటుంది, దాని మీద కూర్చుంటాను. మిషన్ చప్పుడుకు ఫోన్ మోగినా వినపడదు, ఎవరు పిలిచినా వినపడదు. గిర్నన్న భార్య ఒక్కోసారి చాయ్ ఇస్తుంది, మాట్లాడుకోం, మాట్లాడినా వినపడదు. మీరు ఏ రోజైనా రండి, శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు మాత్రం ఆ స్టూల్ ఖాళీగా ఉండదు.