గిటారిక్స్‌తో ఆరేళ్లు: ట్రెమోలో, వైబ్రాటో, 14 సెంట్లు

ఆరేళ్లుగా నా ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆంప్ అంటూ వేరే ఏదీ లేదు. లైనక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఆంప్ పనీ ఎఫెక్ట్‌ల పనీ చేసే, ఉచితంగా దొరికే గిటారిక్స్ అనే సాఫ్ట్‌వేర్. రాత్రిపూట అపార్ట్‌మెంట్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకునేవాళ్లకి దీని శబ్దం హాయిగా సరిపోతుంది, నిస్సంకోచంగా వాడండి. నన్ను చాలాకాలం తిప్పలు పెట్టినవి అందులోని పేర్లు.

మొదట ట్రెమోలో. స్వరం ఊగాలని ర్యాక్‌లో, అంటే ఎఫెక్ట్‌లు వరసగా పేర్చుకునే చోట, అది వేశాను. శబ్దం పెరుగుతూ తగ్గుతూ వచ్చింది గానీ స్వరం కదల్లేదు. మరి నా గిటార్ బ్రిడ్జికున్న కడ్డీని అందరూ ట్రెమోలో బార్ అనే అంటారు, అది నొక్కితే జారేది స్వరమే! ఈ చిక్కు పాతది. 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చినప్పుడు ఫెండర్ కంపెనీ స్వరాన్ని వంచే ఆ బ్రిడ్జికి ట్రెమోలో అని పేరు పెట్టింది. తర్వాత తన ఆంప్‌ల మీద, శబ్దాన్ని మాత్రమే ఊపే సర్క్యూట్‌కి వైబ్రాటో అని రాసింది. రెండు పేర్లూ తారుమారయ్యాయి.

గమకం విన్న చెవికి దీన్ని తేల్చుకోవడం కష్టం కాదు. ఫోన్లో తంబూరా పెట్టి, షడ్జం మీటి, ఎఫెక్ట్ వేయండి. శ్రుతిలోంచి బయటికి పోయి వస్తుంటే వైబ్రాటో. శ్రుతిలోనే ఉండి గట్టిగా, మెల్లగా వినిపిస్తుంటే ట్రెమోలో. ర్యాక్‌లో యూనివైబ్ అని ఇంకొకటి ఉంది. పేరులో వైబ్ ఉన్నా అది పుట్టుకతో ఫేజర్ జాతి, అంటే శబ్ద తరంగాల దశను జరిపి సుడి తిరిగినట్టు వినిపించేది.

కోరస్, ఫ్లాంజర్ అన్నదమ్ములు. రెండూ మీ స్వరానికి ఒక నకలు తీసి, కాస్త ఆలస్యంగా కలుపుతాయి. ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లయితే జెట్ విమానం దూసుకుపోయినట్టు ఫ్లాంజర్, 20 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటే ఇద్దరు కలిసి వాయించినట్టు కోరస్.

గెయిన్ అంటే వాల్యూమ్ అనుకునే కొత్తవాళ్లకి ఒక మాట. గెయిన్ ఆంప్‌లోకి వెళ్లే సిగ్నల్‌ని పెంచుతుంది, దాంతో స్వరం గరుకెక్కుతుంది. మాస్టర్ వాల్యూమ్ బయటికొచ్చేదాన్ని పెంచుతుంది. ఎఫెక్ట్‌ని ఆంప్‌కి ముందు పెట్టామా, వెనక పెట్టామా అన్నది కూడా ఇలాగే తేడా తెస్తుంది. ప్రతిధ్వనినిచ్చే రివర్బ్ ముందు పెట్టి, స్వరాన్ని గరుకెక్కించే ఓవర్‌డ్రైవ్ వెనక పెడితే ఆ ప్రతిధ్వని కూడా గరుకెక్కి అంతా ముద్దయిపోతుంది.

ఇక ట్యూనర్. నాకు దీనిలో బాగా నచ్చింది ఇదే. 'స్టాండర్డ్/ఈఎస్' అని కనిపిస్తే కంగారు పడకండి, ఈ-ఫ్లాట్‌ని, అంటే E కన్నా అర స్వరం కిందుండే స్వరాన్ని, జర్మన్లు ఎస్ అంటారు. అంటే తీగలన్నీ అర స్వరం దించడమే. మనవాళ్లు ఒకటిన్నర శ్రుతిని ఒకటికి దించినట్టు. ఆ అర స్వరాన్ని వంద ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక సెంటు. ట్యూనర్ లెక్కకి ఆధారమైన A స్వరం ఎన్ని హెర్ట్జ్‌లో చెప్పే రిఫరెన్స్ దగ్గర 440 ఉండాలి. ఒకసారి సరదాకి 432 చేసి మర్చిపోయాను. వారం తర్వాత కీబోర్డుతో కూర్చుంటే ఏ స్వరమూ కలవలేదు. దాదాపు 32 సెంట్లు కిందున్నాను మరి. ఇప్పుడు శ్రుతి చేసే ముందు ఆ అంకె చూడనిదే తీగ ముట్టను.

ఇంకో సంగతి తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మూడు శ్రుతిలో మోహన వాయిస్తుంటే, ట్యూనర్ సూది నడిమధ్య నిలబడినా, తంబూరా పక్కన అంతర గాంధారం పైకి పోయినట్టు వినిపించేది. తీగలు మార్చాను, ఫ్రెట్లు చూపించాను. ట్యూనర్ లెక్క ప్రకారం షడ్జం నుంచి ఆ గాంధారం నాలుగు అర స్వరాలు, అంటే సరిగ్గా 400 సెంట్లు. తంబూరా తీగ నాదంలోంచి దానంతటదే పలికే గాంధారం 386. చెవి పట్టుకున్నది ఆ 14 సెంట్ల తేడానే. మోహన వాయించే రోజున గాంధారం పలికే మూడో తీగను, సూది మధ్యకి రాకముందే, 14 సెంట్లు కిందే ఆపేస్తున్నాను.