2003 మారుతి 800కు తుప్పు పని: గాజువాక ఆటోనగర్‌లోని ఒక షెడ్డు

విశాఖపట్నంలో బీచ్‌కు దగ్గరి వీధుల్లో ఆరుబయట నిలిపే కారుకు తుప్పు పట్టడం అరుదేమీ కాదు. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి రేకు మడతల్లో చేరితే, ఉత్త వాననీటికన్నా చాలా త్వరగా ఇనుమును తినేస్తుంది. మా నాన్నగారు 2003లో కొత్తగా కొన్న మారుతి 800 పెదవాల్తేరులోని మా ఇంటి ముందు ఇన్నేళ్లూ ఆ గాలిలోనే నిలబడి ఉంది. దాని 796 సీసీ ఇంజన్‌కు ఇప్పటికీ ఏ లోటూ లేదు, గేర్లు చక్కగా పడతాయి, మా ఇంట్లో అందరూ డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. వచ్చిన ఇబ్బందంతా రేకుతోనే. ఈ బండిని తుక్కుకు ఇవ్వాలా, బాగుచేయించాలా అన్న సందేహంతో తిరిగి, చివరికి గాజువాక ఆటోనగర్ లోపలి వీధిలో బోర్డు కూడా లేని ఒక టింకరింగ్ షెడ్డులో పని చేయించాము. పాత కారుపై మమకారం ఉండి, ఇదే సందేహంలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని ఆ షెడ్డు పనితీరును వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం చెప్పాలి. మారుతి 800కు లారీలకు, జీపులకు ఉన్నట్టు విడిగా ఛాసిస్, అంటే అడుగున బరువు మోసే ఇనుప చట్రం, ఉండదు. ఫ్లోరు, తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డులు, ముందు సస్పెన్షన్ బిగించే భాగాలు కలిసే బండి బరువును మోస్తాయి. అందువల్ల తుప్పు ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. ముందు మడ్‌గార్డు బోల్టులతో బిగించినది కనుక, అది పూర్తిగా తినేసినా విప్పి మరొకటి వేయవచ్చు. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి అంచు పుచ్చిపోతే చూడటానికి అసహ్యంగా ఉంటుందే తప్ప ప్రాణాపాయం లేదు. రన్నింగ్ బోర్డు లోపలి నుంచి పుచ్చిపోతే మాత్రం, పైన రంగు నిగనిగలాడుతున్నా, జాకీ ఎత్తేటప్పుడు అది రేకులోకి దిగిపోతుంది; ఇక ప్రమాదం జరిగినప్పుడు లోపలివారికి ఆ రేకు ఏమాత్రం అడ్డు నిలవదు.

ఈ తేడాను పట్టించుకోని ఒక పెద్ద వర్క్‌షాపులో మొదట కారు చూపించాము. పేరు అనవసరం. అక్కడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, కాళ్ల కింది మ్యాట్లు కూడా ఎత్తకుండానే, ఫుల్ బాడీ పెయింటింగ్‌కూ అండర్ బాడీ కోటింగ్‌కూ కలిపి కొటేషన్ ఇచ్చారు. ఆ నల్లటి కోటింగ్ మంచి రేకుకు రక్షణ ఇస్తుందన్నది నిజమే కాని, ఇప్పటికే తుప్పు పట్టిన రేకుపై వేస్తే తేమ దాని వెనుకే నిలిచిపోయి, తుప్పు ఎవరికీ కనబడకుండా పెరుగుతూ పోతుంది. ఉబ్బిన రంగును గీకి, లప్పం పెట్టి, పైన రంగు కొట్టడం కూడా అటువంటిదే. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి అదే చోట రంగు మళ్లీ పొంగుతుంది.

ఆటోనగర్ మేస్త్రీ పద్ధతి వేరుగా ఉంది. ధర ఎంతవుతుందని అడిగితే, "కోసి చూడకుండా రేటు చెప్పలేనండి, చెబితే అబద్ధమవుద్ది" అన్నాడు. ముందు సీట్లు రెండూ విప్పించి, మ్యాట్లు, వాటి కింది ఫెల్టు బయటికి తీయించాడు. డ్రైవర్ వైపు ఫెల్టు తడిసి ముద్దగా ఉంది, కాని పైన మ్యాటు పూర్తిగా పొడిగా ఉండటం వల్ల ఆ సంగతి మాకెవరికీ తెలియలేదు. అతడు ముందు అద్దం మీద మగ్గుతో నీళ్లు పోయించి, లోపల టార్చి వేసి చూపించాడు. గట్టిపడి చీలిన రబ్బరు బీడింగు మూల నుంచి ఒక సన్నని ధార డాష్‌బోర్డు వెనుకగా జారి ఫ్లోరు మీదికి చేరుతోంది. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోరంతా తడుతూ వెళ్లాడు. మంచి రేకు ఖంగుమంది, పుచ్చిన చోట చప్పుడు బొంగురుగా వచ్చింది. అక్కడ మొనతో నొక్కితే రేకు అప్పడంలా విరిగి కింద నేల కనబడింది. రన్నింగ్ బోర్డు పొడవునా అయస్కాంతం జరిపి, అది పట్టని చోటల్లా ఎవరో ఎప్పుడో లప్పం నింపారని సుద్దముక్కతో గీతలు గీశాడు. సస్పెన్షన్ బిగించే భాగాలు, స్టీరింగ్ దగ్గరి రేకు గట్టిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే, ఈ బండికి పని చేయించవచ్చునని చెప్పాడు. అవి పుచ్చి ఉంటే తాను ముట్టుకునేవాడిని కాదని కూడా అన్నాడు. నాకు అతనిపై నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

డబ్బు లెక్క చూస్తే ఈ పని గిట్టుబాటు కాదు. బిల్లు ముప్పై వేలు దాటింది. బండిని అమ్మితే వచ్చేది అంతకంటే పెద్దగా ఎక్కువేమీ ఉండదు. దీనికి తోడు, 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలుగా ఉన్న రెన్యువల్ రుసుమును, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. అయినా అమ్మకపు ధరతో మాత్రమే పోల్చడం సరికాదని నా అభిప్రాయం. ఆ ముప్పై వేలతో ఇంత నమ్మకమైన ఇంజన్ ఉన్న, చరిత్ర పూర్తిగా తెలిసిన మరొక కారు దొరకదు. 2014 జనవరిలో గుర్‌గావ్‌లో తయారీ నిలిచిపోయినా, ఈ మోడల్ విడిభాగాలకు ఆటోనగర్‌లో నేటికీ కొరత లేదు. రన్నింగ్ బోర్డు రేకు సిద్ధంగా దొరికింది.

పని విషయానికి వస్తే, పుచ్చిన రేకును మంచి రేకు తగిలేవరకు కోసి తీశారు. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేశారు. ఇది ఎంపీఎఫ్ఐ బండి, అంటే ఇంజన్‌కు పెట్రోలు అందడాన్ని కంప్యూటర్ అదుపు చేస్తుంది; ఆ జాగ్రత్త లేకపోతే ఇంజన్ కంప్యూటర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఫ్లోరు అడుగున సాగే పెట్రోలు పైపులను విప్పి పక్కకు తప్పించారు. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలుచటి రేకు వంకరపోతుందని, కరెంటుతో చేసే సీవోటూ వెల్డింగ్‌తో కాస్త కాస్త దూరంలో చుక్కలు పెడుతూ, చల్లారనిచ్చి, మళ్లీ మధ్య ఖాళీలు నింపుతూ అతికారు. అతుకుల మీద ప్రైమర్, దానిపైన సీలెంట్, ఆ తర్వాతే అండర్ కోటింగ్ పడింది. నన్ను ఎక్కువగా మెప్పించింది రన్నింగ్ బోర్డు లోపలి పని. వెల్డింగ్ వేడికి లోపలి వైపు రంగు కాలిపోతుంది, అక్కడికి బ్రష్షు చేరదు, కొత్త తుప్పు మొదలయ్యేది అక్కడే. చాలా చోట్ల దాన్ని అలాగే వదిలేస్తారు. ఇక్కడ సన్నని గొట్టంతో లోపలికి మైనం కలిసిన ద్రవాన్ని కొట్టి, అది అడుగు రంధ్రాల నుంచి కారేదాకా ఆగి, ఆ రంధ్రాలు మూసుకుపోలేదని తీగతో పొడిచి చూశారు. అద్దం బీడింగు కూడా కొత్తది వేశారు. అది మార్చకపోతే మిగతా పనంతా వృథా అయ్యేది.

లోపాలు లేవని చెప్పను. చెప్పిన గడువు బాగా దాటింది, ఫోన్ చేస్తే తప్ప ఆలస్యం సంగతి చెప్పలేదు. తలుపు అడుగున వేసిన తెలుపు పాత తెలుపుతో కలవలేదు, ఎండలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. రాతపూర్వకమైన గ్యారంటీ లేదు, కాగితం మీద చేత్తో రాసిచ్చిన లెక్కే బిల్లు. రంగు అందంగా రావాలని కోరుకునేవారు పెయింటింగ్‌కు వేరే చోటికి వెళ్లడమే మేలు. రేకు పని వరకైతే ఈ షెడ్డుకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

ఇటువంటి షెడ్డు ఏ ఊళ్లో వెతుక్కున్నా, కోసిన రేకును మీకు చూపించమని, ప్రైమర్ మీద కోటింగ్ వేయకముందే ఫోటోలు తీసి పంపమని ముందుగానే మాట తీసుకోండి. మా మేస్త్రీ అడగకుండానే పంపాడు. వానాకాలం వెళ్లాక బండిని ఒకసారి తెస్తే మ్యాట్లు ఎత్తి చూస్తానని, లోపల మైనం మళ్లీ కొట్టాల్సి వస్తే దాని ఖర్చు మాత్రమే తీసుకుంటానని కూడా చెప్పాడు.